అమ్మ అడిగే సింహం

మా అమ్మ పొద్దున లేచీ లేవగానే చీర కొంగు తల మీదికి లాక్కుని, పడుకున్న చాప మీదే మోకాళ్ళూని, ఇంట్లో ఒక్కొక్కరి కోసం ప్రభువుని ఒక్కొక్కటి అడిగేది. పొయ్యి వెలిగించకముందే ఈ పని అయిపోవాలి. అయ్యకి కొబ్బరి చెట్టు మీద కాలు జారకూడదని అడిగేది. తమ్ముడికి లెక్కలు రావాలని అడిగేది. నా వంతు వచ్చేసరికి గొంతు కాస్త పెంచేది. నేను నిద్ర నటిస్తున్నానని ఆమెకు తెలుసు.

“సింగాల నోళ్ళు మూయించినోడివి నాయినా. మా గుంట నోరు మూయించడం నీకేపాటి పని?”

ఆ గుంటని, అంటే పిల్లని, నేనే. నాకు ఒళ్ళు మండేది. దేవుడితో మాట్లాడుతూ మధ్యలో నన్ను దెప్పడం ఏమిటని లేచి కూర్చుని పోట్లాడేదాన్ని. ఆమెన్ అనేదాకా ఆగమని చేత్తో సైగ చేసేది. ఆగేదాన్ని కాదు. అలా మా ఇంట్లో రోజూ ప్రార్థన తగువుతో ముగిసేది, తగువు సాగుతుండగానే టీ మరిగేది.

ఆ సింహాల కథ తెలియని క్రైస్తవుల ఇల్లు ఉండదు. ప్రార్థన మానను అన్నందుకు ఒక మనిషిని సింహాల గుహలో పడేస్తారు. తెల్లారి వచ్చి చూస్తే ఆయన క్షేమంగా ఉంటాడు, సింహాలు ఆయన్ని ముట్టుకోలేదు. ఒక క్రిస్మస్‌కి మా ఊరి మందిరంలో పిల్లలం ఆ కథ ఆడాం. గొంతు పెద్దదని నాకు సింహం వేషం ఇచ్చారు. కొబ్బరి పీచుతో జూలు కట్టారు. తీరా చూస్తే ఆ సింహం చెయ్యాల్సిన పనల్లా నోరు మూసుకుని పడుకోవడం. కాసేపు పడుకున్నాను. మెడ మీద పీచు దురద పెడుతోంది, ప్రార్థన చేసే పిల్లాడు ఎంతకీ ఆమెన్ అనడు. లేచి ఒక్క గర్జన గర్జించాను. ఆ భక్తుడు ఏడుస్తూ వాళ్ళమ్మ ఒళ్ళోకి పారిపోయాడు. మందిరమంతా నవ్వింది, పాస్టరుగారూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చాక జూలు విప్పుతూ, “సింగమంటే అరుపనుకున్నావేటి?” అని మాత్రం అంది.

అరుపే అనుకున్నాను మరి. ఇప్పటికీ కాశీబుగ్గ బస్టాండు దగ్గర నిలబడితే ఆటోల వెనక, ఫ్లెక్సీల మీద, కుర్రాళ్ళ టీషర్టుల మీద కనబడే ప్రతి సింహమూ నోరు తెరిచే ఉంటుంది. నోరు మూసుకున్న సింహాన్ని అచ్చు వేయించుకునేవాళ్ళు ఎవరూ లేరు.

నిజానికి మా ఉద్దానంలో సింహాలెక్కడివి. మాకున్నవి ఎలుగుబంట్లు. జీడిపళ్ళు రాలే రోజుల్లో తోటల్లోకి వస్తాయి, పనసపండు వాసన తగిలితే పెరట్లోకే వస్తాయి. ఒకసారి అమ్మ తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరుతుంటే వెనకాల ఆకుల చప్పుడైంది. పక్కింటి అత్త అనుకుని తిరిగి చూడకుండానే ఏదో మాట్లాడింది. జవాబు రాకపోయేసరికి తిరిగి చూస్తే ఎలుగుబంటి. నాలుగు చెట్ల అవతల నిజంగానే ఉన్న అత్త అదంతా చూసింది. అమ్మ పరిగెత్తలేదట, కేక వెయ్యలేదట. కొంగు తల మీదికి లాక్కుని అలాగే నిలబడిందట. అది కాసేపు ముట్టె ఎత్తి వాసన చూసి, తన దారిన తాను పోయిందట.

అత్త ఈ సంగతి ఊరంతా చెప్పింది. ఆదివారం మందిరంలో అమ్మ చేత సాక్ష్యం చెప్పించారు. పాస్టరుగారు అమ్మది సింహం లాంటి విశ్వాసం అన్నారు. ఆ ఏటి క్యాలెండరు మీదున్న సింహం బొమ్మను అద్దం కట్టించి బహుమానంగా ఇచ్చారు. ఇంటికొచ్చాక నేను అడిగాను, నిజంగా భయం వెయ్యలేదా అని.

“నాకు కాళ్ళు రానేదు,” అంది అమ్మ. “అంతకి మించి ఏటీ నేదు. ఆళ్ళు సింగమన్నారు, నాను ఊరుకున్నాను.”

ఆ బొమ్మ మా వసారాలో ఉండేది. పక్కింటి అత్త సింహాద్రి అప్పన్న భక్తురాలు, చందనోత్సవానికి తప్పకుండా కొండకు వెళ్ళే మనిషి. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు ఆ సింహాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకునేది. ఇది మా దేవుడి సింహం అత్తా అని నేను చెప్పబోతే, “ఏ దేవుడిదైతేనేటే, సింగం సింగమే,” అనేది. అమ్మ ఆవిడకి పీట వేసి బొండం కొట్టించేది. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వరు, కొబ్బరి నీళ్ళు ఇస్తారు. బోరు నీళ్ళ మీద నమ్మకం పోయి ఎన్నో ఏళ్ళయింది. చెట్టు మీద కాసిన నీళ్ళలో ఏ కల్మషమూ ఉండదని ఉద్దానంలో ప్రతి ఇల్లూ నమ్ముతుంది.

బోరు నీళ్ళ మీద ఆ నమ్మకం ఎందుకు పోయిందో, ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి విన్న బయటివాళ్ళకి కూడా తెలుసు. మా ఊళ్ళల్లో ఎవరైనా పోయారని కబురొస్తే ఎలా పోయారని అడగరు. ఎన్నాళ్ళు మిషన్ మీద ఉన్నారని అడుగుతారు. మా అయ్య ఎక్కువ రోజులు లేడు. అప్పట్లో డయాలసిస్‌కి విశాఖపట్నం పోవాలి. కొబ్బరి చెట్టు ఎక్కి దిగినంత సులువుగా బతికిన మనిషి, రైల్లో సీటు దొరక్క నేల మీద పడుకుని వెళ్ళి వచ్చేవాడు. కొన్నాళ్ళకి చాలన్నాడు. అమ్మ బతిమాలింది, నేను అరిచాను. ఆయన మా ఇద్దరి మాటా వినలేదు.

అందుకే అమ్మ పాదాలు వాచినప్పుడు నాకు చెప్పలేదు. నేను పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో మా ఆయనతో ఉంటూ ఒక బడిలో తెలుగు చెబుతాను. సెలవు రోజున ఊరికి వెళ్తే, అమ్మ చెప్పుల వారు పాదంలోకి దిగబడి ఉంది. నొక్కి చూశాను, గుంట పడింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే ఎండ అంది. అప్పటికప్పుడు ఆటో ఎక్కించి పలాస తీసుకొచ్చాను. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు నాతో మాట్లాడబోతే అమ్మ ఆయన్ని ఆపింది. “నాతో సెప్పండి బాబూ. క్రియాటినిన్ పెరిగినాదంటే కిడ్నీ పాడైనట్టని నాకు తెల్సు,” అంది.

ఇప్పుడు మిషన్లు పలాసలోనే ఉన్నాయి. రోజు మార్చి రోజు వెళ్ళాలి కాబట్టి అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. తమ్ముడూ మరదలూ ఊళ్ళోనే ఉన్నారు, తోట చూసుకోవాలి. అమ్మ మొదట్లో మిషన్‌ని బాగానే ఒప్పుకుంది. మంచం మీద కూర్చోగానే తల మీద ముసుగు వేసుకుని పైకే ప్రార్థన చేసేది. సూది గుచ్చే అమ్మాయిని దీవించమనేది, కరెంటుని దీవించమనేది, మిషన్ చేసిన దేశం ఏదైతే ఆ దేశాన్ని దీవించమనేది. తర్వాత గంటలకొద్దీ కదలకుండా కూర్చునేది. పక్క మంచాల వాళ్ళు కాళ్ళు లాగుతున్నాయని మూలిగేవారు. అమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది.

ఆ గంటల్లో నా పరిస్థితి చెప్పుకుంటే సిగ్గు. నేను కూర్చోలేను. బడిలో కూడా నిలబడే పాఠం చెబుతాను, నడుస్తూ పేపర్లు దిద్దుతాను. ప్రార్థన చెయ్యనని కాదు. గిన్నెలు తోముతూ చేస్తాను, బస్సు రాకపోతే దేవుడి మీద విసుక్కుంటూ చేస్తాను. మోకాళ్ళ మీద కూర్చుంటే మాత్రం ఇంకా ఏ పని మిగిలిందో అదే గుర్తొస్తుంది. ఆసుపత్రి వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉండేదాన్ని. మెట్లు దిగి టీ తాగేదాన్ని, పైకొచ్చి అమ్మ గొట్టాల్లో ఎర్రగా తిరుగుతున్న రక్తాన్ని ఒక్క క్షణం చూసి మళ్ళీ మెట్లు దిగేదాన్ని. ఒకరోజు నర్సు, “మేడం, మీరు కూర్చుంటారా, మా పేషెంట్లకి కంగారుగా ఉంది,” అంది. ఆ రోజు ఇంకో అంతస్తు వరండాలో తిరిగాను.

డాక్టరు అమ్మ తినకూడనివి చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అరటిపండు వద్దన్నాడు, ఎండుచేప వద్దన్నాడు, జీడిపప్పు వద్దన్నాడు. నీళ్ళు కొలిచి తాగమన్నాడు. అన్నిటికంటే ముందు కొబ్బరి నీళ్ళు మానమన్నాడు. అందులో ఉండే పొటాషియం కిడ్నీ పనిచేసేవాళ్ళకి బలం, పనిచెయ్యనివాళ్ళకి గుండె ఆపే విషం అని విడమరిచి చెప్పాడు. అమ్మ తలూపింది. ఆ తలూపడంలో ఆవిడ విన్నది మిగతావన్నీ. కొబ్బరి నీళ్ళ సంగతి ఆమె చెవి దాటి లోపలికి వెళ్ళలేదు. వెళ్ళడం ఎలా? ఉద్దానంలో పుట్టిన మనిషికి కొబ్బరి నీళ్ళు చంపుతాయని చెప్పడం, కన్నతల్లి పాలు విషమని చెప్పడం లాంటిదే.

పైగా శుక్రవారం ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మది శుక్రవారం ఉపవాసం. పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. సాయంత్రం ఆడవాళ్ళంతా ఒక ఇంట్లో కూడి ప్రార్థన చేసుకుని, ఒక్కో బొండంతో ఉపవాసం విడుస్తారు. ఇది మా తీరపు ఊళ్ళ మందిరాల్లో పద్ధతి. వేరేచోట రొట్టె తింటారో, పాలు తాగుతారో నాకు తెలియదు. మా దగ్గర బొండమే. డయాలసిస్ మొదలయ్యాక ఉపవాసం వద్దని నేను గట్టిగా చెప్పాను. అమ్మ సరే అంది. అంత తేలిగ్గా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఒక శుక్రవారం నేను బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో చెప్పుల గుట్ట. ఊరి నుంచి మందిరం ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకుని వచ్చారు. పక్కింటి అత్త కూడా వచ్చింది, ప్రార్థనలో కాకుండా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంది. పాటలు అయిపోయాయి. అమ్మ ముఖం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది. నాకు సంతోషమే వేసింది. టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళి చూస్తే, మూల గోనెసంచి, దాని పక్కన కొట్టిన బొండాల చిప్పలు. తమ్ముడి తోటవి. అత్త తన పెరటి చెట్టువి కూడా వేరే తెచ్చింది. ఎవరు తాగారని అడిగాను. అందరమూ తాగామన్నారు. అమ్మ రెండోది కూడా తాగిందని అత్త మురిసిపోతూ చెప్పింది.

మర్నాడు తెల్లవారేసరికి అమ్మ చాప మీంచి లేవలేకపోయింది. కాళ్ళు చచ్చుబడ్డట్టు ఉన్నాయంది. నాడి పట్టుకుంటే ఒకసారి కొట్టి, తర్వాత ఎప్పుడో ఇంకోసారి కొడుతోంది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఎదురింటి ఆటో అతను, నేను కలిసి ఆమెను మోసి వెనక సీట్లో పడుకోబెట్టాం. ఆసుపత్రిలో ఇంజెక్షన్లు ఇచ్చి, వెంటనే మిషన్‌కి పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని డాక్టరు చెబుతుంటే, నేను ఆయన మాట వింటూనే వరండాలోకి నడిచాను.

అక్కడ తమ్ముడు చేసిన ఫోన్లకి కంగారుపడి మందిరం ఆడవాళ్ళు కొందరు, అత్త వచ్చి కూర్చున్నారు. నేను అరిచాను. కోపం వస్తే నా బడి తెలుగు ఎగిరిపోతుంది. “మీకు బుద్దుందేటి? సంపేత్తారేటి మా అమ్మని? మందులోడు సెప్పినాడు, నాను సెప్పినాను, ఇంకెవరు సెప్తే ఇంతారు?” అని వరండా అదిరేలా అరిచాను. లోపల మంచాల మీద ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అత్త మాత్రం ఏడవలేదు.

“మంచినీళ్ళిత్తే రోగమొత్తాదని కొబ్బరి నీళ్ళిచ్చినామమ్మా,” అంది. “అయి కూడా నమ్మకూడదంటే ఇంకేటి తాగాల మేము?”

నేను మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళిపోయాను.

అమ్మ తేరుకుని ఇంటికొచ్చింది. రెండు రోజులు నా ఎదుట పడకుండా తిరిగింది. నేను కోపంగా ఉన్నానని భయపడుతోందనుకున్నాను. మూడోరోజు మిషన్‌కి వెళ్ళాల్సిన పొద్దున నేను తయారై పిలిస్తే, ఆమె తన బట్టలు మడత పెడుతోంది.

“నాను ఊరెల్లిపోతాను. మిషను ఒగ్గేసినాను,” అంది.

మళ్ళీ అరిచాను. ఆమె వింటూనే చీరలు సంచిలో పెట్టింది. తమ్ముడికి ఫోన్ చేస్తే, వాడికి ఆమె ముందే చెప్పి బండి రమ్మందట. గుమ్మానికి అడ్డం నిలబడి, నీకేం తక్కువ చేశాను అని అడిగాను. అప్పుడు కూర్చుంది.

“నువ్వు తక్కువ సెయ్యనేదు. పొద్దున్న లేత్తే ఏటి సెయ్యాలో నాకు తెలిసేది. ప్రార్దన, పొయ్యి, పిడికెడు బియ్యం తీసి మందిరం కుండలో ఎయ్యడం, శుక్రారం ఉపాసం, ఆదోరం మందిరం. దేవుడు నాకు అందులోనే కనబడీవోడు. ఇప్పుడేటి సెయ్యాలో నర్సమ్మ సెప్తాది. బియ్యం నువ్వు కడుగుతావు. ఉపాసం కూడా పోనాది. ఇక నాకు దేవుడితో పనేటున్నాది? ఊరికే రగతం తిప్పించుకోడానికి కూకోవాలేటి?”

విశ్వాసమంటే మనసులో ఉండేదని, ఈ ముసుగులూ పిడికెడు బియ్యాలూ ఊరికే అలవాట్లని నేను అనుకునేదాన్ని. అలవాట్లు తీసేస్తే ఆమెకి మనసులో ఏమీ మిగలదని నాకు తట్టలేదు. తట్టినా ఏం చేసేదాన్నో తెలియదు. బండి వచ్చింది, అమ్మ వెళ్ళిపోయింది.

తర్వాతి రోజులు నేనెలా గడిపానో నా కాళ్ళకి తెలుసు. బడి అయిపోగానే ఊరికి పోయేదాన్ని. ఆటో దిగి తోటల మధ్య నుంచి ఇంటికి నడిచేటప్పుడు ఏ మాట ముందు అనాలో, ఏది వెనక అనాలో సాధన చేసుకునేదాన్ని. ఇంటికి వెళ్ళాక అన్నీ కలిపేసి ఒకేసారి అనేదాన్ని. పాస్టరుగారు కూడా వచ్చి చెప్పారు, మిషన్ కూడా దేవుడిచ్చిందే అని. అమ్మ ఆయనకి వందనాలు చెప్పి పీట వేసింది. మిషన్ మాట మాత్రం ఎత్తలేదు. ఒక వంతు తప్పిపోయింది, రెండోదీ తప్పింది. ముఖం ఉబ్బింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వస్తోంది. ఇంకా ఎన్ని రోజులు అని డాక్టరుని అడిగితే, ఆ లెక్క నన్ను అడగకండి, తీసుకురండి అన్నాడు.

ఆ సాయంత్రం సముద్రం దాకా నడిచాను. పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి, ఆడవాళ్ళు చేపలు ఆరబెట్టిన చోట కాకుల్ని తోలుతున్నారు. మామూలుగా గాలి తగిలితే నా కోపం తగ్గుతుంది. ఆ రోజు తగ్గలేదు. అయ్య మీద కోపం, అమ్మ మీద కోపం, మా నేల కింద ఏముందో ఇప్పటికీ తేల్చి చెప్పలేని పెద్ద చదువుల మీద కోపం. అన్నిటి అడుగున భయం ఉంది. ఆ భయం అమ్మ గురించి మాత్రమే కాదు. దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. చాలా నెలలుగా నాకు నడుము నొప్పి, నోట్లో చేదు. మాత్ర వేసుకుని బడికి పోతున్నాను. పలాసలో రోజు మార్చి రోజు ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగుతూ, కింది అంతస్తులో రక్తపరీక్ష గది తలుపు ముందు నుంచి ఎప్పుడూ వేగంగా నడిచిపోయేదాన్ని.

ఇంటికి తిరిగి వచ్చాక, చివరిసారి అడుగుతున్నాను అన్నాను అమ్మతో. ఆమె వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట.

“నీకూ అయ్యకీ ఒకటే మొండి. సింహం లాంటి దానివని ఊరంతా అన్నారు. ఇదేనా నీ సింహం?” అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక చెప్పింది.

“నీకు ఆ కతలో సింగాలు ఎప్పుడూ అర్దం కానేదు. ఆటికి ఆకలి. ఎదురుగా మాంసం. అయినా ఊరుకున్నాయి. భయపడి కాదు, సేత కాక కాదు. ఆ ఊరుకోడం ఆటికి ఎవడిచ్చినాడో ఆడినే నీకిమ్మని అడిగినాను రోజూ. నీ నోరు కట్టెయ్యమని కాదే. నీలో ఓ కంగారుంటాది పుట్టినప్పటి నుంచీ. అది కూకోవాలని.” కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. “నీ నడుం నొప్పికి మాత్రలేసుకుంతన్నావు. నాకు కనబడదనుకున్నావేటి? ఆ మాత్రలే మీ అయ్యా ఏసుకున్నాడు.”

నేను లేచి నిలబడ్డాను. అది బరువులు మోసిన నొప్పి అన్నాను.

“నువ్వు పరీచ్చకి రగతం ఇయ్యి,” అంది అమ్మ. “ఇత్తే నాను మిషనెక్కుతాను. ఇయ్యకపోతే నన్నడక్కు. భయపడీవోళ్ళం ఇద్దరమే. ఒకలి మీద ఒకలు అరుసుకోడమెందుకు?”

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని రోజులుగా నేను ఆమెతో పెడుతున్న పోట్లాట నిజానికి నా భయంతో అన్నది ఆమెకు ముందే తెలుసు. చీకటి పడకుండానే ఆటో పట్టుకుని కాశీబుగ్గ వచ్చేశాను. పొద్దున్నే పరగడుపున ఆ గది తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను. చెయ్యి చాపమంటే చాపాను, సూది వైపు చూడకుండా గోడ మీది గడియారం చూశాను. మధ్యాహ్నం కాగితం ఇస్తామన్నారు. ఆ వేళంతా ఆసుపత్రి ఎదుట రోడ్డు మీద తిరిగాను. ప్రార్థన చెయ్యబోతే మాటలు రాలేదు. ప్రభువా అని మాత్రం అని, ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అన్నాను.

డాక్టరు కాగితం చూసి, నన్ను చూసి, కుర్చీ చూపించాడు. క్రియాటినిన్ కొద్దిగా పెరిగిందన్నాడు. ఇది మొదలు మాత్రమేనన్నాడు. ఆ నొప్పి మాత్రలు ఇవాళే మానాలి, బీపీ అదుపులో ఉండాలి, వరసగా పరీక్షలు చేయించుకుంటే చాలా ఏళ్ళు ఏమీ కాకుండా నెట్టుకురావచ్చు అన్నాడు. మంచి మనిషి, నెమ్మదిగా చెప్పాడు. నాకు చాలా ఏళ్ళు అన్న మాట కంటే మొదలు అన్న మాటే వినబడింది.

ఊరికి వెళ్ళేసరికి అమ్మ అదే వసారాలో, అదే గోడకి ఆనుకుని ఉంది. నేను ఏడవకూడదని దారిలో అనుకున్నాను. ఏడవలేదు. కాగితం చేతికిచ్చాను. ఆమెకి చదవడం రాదు.

“ఉందేటి?” అంది.

“ఉంది. కొంచెమే. ఇప్పుడే మొదలంట.”

కాగితాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. ప్రభువుని పిలుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందని కూడా అనుకున్నాను. అవేవీ చెయ్యలేదు.

“భయమేసినాదా?” అని అడిగింది.

“ఏసినాది,” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం నేనే మొదటిసారి విన్నాను.

“బండికి ఫోన్ సెయ్యి,” అంది. “నా చీరలు రెండు సంచిలో ఎట్టు. ఎక్కువొద్దు.”

ఆటోలో ఆమె నా భుజం మీద ఒరిగి కూర్చుంది, ఆయాసం అంతగా ఉంది. మిషన్ గదిలో మంచం ఎక్కించాక, ముసుగు కూడా వేసుకోలేదు. నర్సు సూది సిద్ధం చేస్తోంది. నేను అలవాటు ప్రకారం తలుపు వైపు కదిలాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాచిన వేళ్ళు, పట్టు మాత్రం గట్టిగానే ఉంది.

“ఎక్కడికే? మీ అయ్యకి ఇది ఎలాగుంటాదో సెప్పీవోడు ఒక్కడూ నేడు. అందుకే పారిపోయినాడు,” అంది. “నీకు ఈ మంచం రాకూడదని అడుగుతాను, రోజూ అడుగుతాను. వచ్చిందే అనుకో, మా అమ్మ నాకు సూపించినాదని నువ్వు అనుకోవాల. నువ్వు నేర్సుకున్నంతకాలం నాను ఎక్కడికీ పోను. కూకో.”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. నర్సు ఆమె చెయ్యి తుడిచి, నరం వెతికి, సూది ఎత్తింది. నేను కిటికీ వైపు తల తిప్పాను.

“అటు కాదు,” అంది అమ్మ. “ఇటు సూడు.”

చూశాను.